నూరు ఖర్జూరపు గింజలు

ఈ గల్ఫు దేశంలో, సీబ్‌లో నేను వంట చేసే ఇంటి డ్రైవరుది మా కడప పక్కనే ఊరు. వాడు ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతుర్ని ఇంకా చూడలేదు. చూడ్డానికి పోయే టికెట్టుకని దాచిన రియాళ్ళను ఫోనులో ఎరుపు, నలుపు గళ్ళ మీద పందెం కాసే చక్రం జూదానికి పెడుతున్నాడని తెలిసి, పిలిచి అడిగాను.

"ఓడినప్పుడల్లా రెట్టింపు పెడతా అవ్వా. ఒక్కసారి గెలిస్తే పోయిందంతా వస్తాది, పైన ఇంత లాభం," అన్నాడు.

నేను చదివింది మూడో తరగతి. వాదించలేదు. మేకలకని ఎండబెట్టిన ఖర్జూరపు గింజలు నూరు వాడి ముందు పోసి, సరి బేసి ఆడదాం, నీ పద్ధతిలోనే పెట్టు అన్నాను.

మొదట వాడే గెలుస్తూ పోయాడు. గెలిచినప్పుడల్లా ఒకటి చొప్పున పదకొండు గింజలు లాభం వచ్చాయి.

"చూస్తివా?" అని నవ్వాడు.

తరువాత వరుసగా ఆరుసార్లు ఓడాడు. ఒకటితో మొదలైన పందెం ముప్పై రెండు దాకా పోయింది. ఏడోసారి అరవై నాలుగు పెట్టాలి. వాడి దగ్గర నలభై ఎనిమిదే మిగిలాయి.

"ఇంకొన్ని ఇయ్యి అవ్వా, ఈసారి నాదే."

"గెలిచినా నీకు పైన వచ్చేది ఒక్క గింజ రా. నా ఆటలో ఇద్దరికీ సమానం. ఆ చక్రంలో ఎరుపూ నలుపూ కాని సున్నా ఉందంటివే, అది పడితే పందెం ఎవరిది?"

"ఆట నడిపేవాళ్ళదే," అన్నాడు మెల్లగా.

మిగిలిన రియాళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నేనడిగినా ఇయ్యొద్దు." టికెట్టులో సగానికి కూడా రావు. తిట్టాలనే కూర్చున్నాను. తిట్టలేక, వాడి సంగటి ముద్ద మీద ఇంకో చెంచా నెయ్యి వేశాను.