నాలుగో ముద్ద

మా చెల్లె సన్నబడ్డ ఏడాది నేను మంచిదాన్ని కాదు. ముందే చెప్పేస్తున్నాను, చదివాక మీకు ఎలాగూ తెలిసిపోతుంది.

చిన్నప్పుడు కేతేపల్లిలో మా ఇద్దరికీ ఒకటే కంచం. బాపు గొర్ల మందను తోలుకొని పోయాక అమ్మ అన్నం కలిపి మా మధ్యలో పెట్టేది. ఇద్దరం బొద్దుగా ఉండేవాళ్ళం. పెళ్ళిళ్ళయి నేను నల్గొండకు, తను కొల్లాపూర్‌కు పోయాక ఆ బొద్దుతనం లావయింది. మోకాళ్ళ నొప్పులొచ్చాయి, ఇద్దరికీ షుగరొచ్చింది. ఫోన్ చేసుకుంటే మాట్లాడుకునేవి రెండే, ఏం తిన్నాం, ఎక్కడ నొస్తోంది. దాంట్లో ఎంత సుఖం ఉండేదో! పెళ్ళిళ్ళలో నన్ను చూసి ఎవరు నవ్వినా, నాలాంటిది ఇంకొకతె ఉందిలే అన్న ధైర్యం ఉండేది.

లావు తగ్గడానికి రోబో ఆపరేషన్ మాట తెచ్చింది చెల్లెనే. ఇద్దరం హైదరాబాద్ పోయి డాక్టర్‌ను కలిశాం. కడుపు మీద చిన్న గాట్లు పెట్టి రోబో చేతుల్ని లోపలికి పంపుతారట, డాక్టర్ అదే గదిలో ఓ పక్కన కూర్చొని వాటిని ఆడిస్తాడట, పొట్ట సంచిని కోసి చిన్నది చేస్తారట. కోస్తే అయిపోదమ్మా, తర్వాత జన్మంతా తిండి జాగ్రత్త తప్పదు అని కూడా చెప్పాడు.

బయటికొచ్చి, "మనిషి చేతికే నా కడుపు ఇయ్య, మిషన్ చేతికిస్తనా?" అన్నాను. చెల్లె నవ్వింది. నా మనసు మారుతుందేమోనని ఆపరేషన్‌ను రెండుసార్లు వాయిదా వేసుకుంది. మూడోసారి నాకు చెప్పకుండా పోయి చేయించుకుంది. మరిది ఫోన్ చేసి "అంతా మంచిగయింది వదినా" అంటే గాని నాకు తెలియదు. ఆ పూట నేను అన్నం తినలేదు. బెంగతో కాదు, కోపంతో.

ఆర్నెల్లకు తన షుగర్ గోలీలు బంద్ అయ్యాయి. ఏడాది తిరగక ముందే కడ్డీ పట్టుకోకుండా బస్సెక్కుతోందని అమ్మ మురిసిపోతూ చెప్పింది. నేను లోపాలు వెతికాను. మధ్యలో ఒకసారి, "దువ్వెన పెడితె వెంట్రుకలు కుచ్చులు కుచ్చులు వస్తున్నయక్కా" అని ఫోన్‌లో ఏడ్చింది. అయ్యో అన్నాను. ఫోన్ పెట్టేసి నా చాయ్‌లో ఇంకో చెంచా చక్కెర వేసుకున్నాను. కొన్నాళ్ళకు ఆ జుట్టు కూడా తిరిగి మొలిచింది. దానికీ ఏడుపొచ్చింది నాకు.

ఆ ఎండాకాలం అమ్మ మా ఇద్దరికీ కలిపి ఒడిబియ్యం పోసింది. ఆడపిల్లల్ని పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి నడుముకు కట్టడం మా దగ్గరి ఆనవాయితీ. నా నడుముకు కట్టేటప్పుడు గుడ్డ కొసలు అందక ఇద్దరు వదినెలు చెరోవైపు గుంజారు. చెల్లెకు చుట్టూ తిరిగొచ్చి ఇంకా మూరెడు మిగిలింది. వచ్చిన ఆడవాళ్ళందరూ ఆ మూరెడు గుడ్డనే చూశారు. బాపు మాత్రం, గొర్రెను కొనేవాళ్ళు పట్టి చూసినట్టు చెల్లె వీపు ఎముకల మీద వేళ్ళు ఆనించి, "గిట్లయితె ఎవ్వడు బేరమాడుతడు బిడ్డా, అన్నీ బొక్కలే" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

బియ్యం పోశాక మా ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కొక్కరు పరమాన్నం ఐదేసి ముద్దలు నోట్లో పెడతారు. చెల్లె ముందే అమ్మతో చెప్పుకుంది, తీపి తనకు పడదని, జర్రంత పెట్టమని. అమ్మ చిటికెడు చిటికెడు పెట్టింది. తర్వాత అక్కగా నా వంతు. నాకూ తెలుసు. తెలిసే బెల్లం, నెయ్యి బాగా ఉన్నచోట ముద్ద తీశాను. చెల్లె మూడు మింగి, "చాలక్కా" అంది మెల్లగా.

"ఐదు పెట్టాలె. అక్క పెడితె వద్దంటవా?"

నా మొహంలోకి చూసింది. ఏం చూసిందో, నోరు తెరిచింది. నాలుగోది పెట్టాను. ఐదోది ఇంకా పెద్దది పెట్టాను.

అందరం అన్నాలకు కూర్చున్న కాసేపటికి చెల్లె కనిపించలేదు. వెనక గొర్ల దొడ్డి గోడ పట్టుకొని వంగి ఉంది. కొత్త చీర చెమటకు తడిసిపోయింది. గుండె కొట్టుకోవడం వీపు మీద చెయ్యి వేస్తే నాకు తెలుస్తోంది. అప్పుడు భయమేసింది. దీనికేమన్నా అయితే చంపింది నేనే. కక్కుకున్నాక అక్కడే నీడన పండబెట్టి కొంగుతో విసిరాను. అమ్మ ఉరికొచ్చింది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా, ఎండకు కండ్లు తిరిగినయ్," అంది చెల్లె. అంత నీరసంలోనూ నన్ను కాపాడింది. నిజం చెప్తున్నాను, ఆ మంచితనం చూసి కూడా నాకు కుళ్ళే పుట్టింది.

అమ్మ నీళ్ళకు పోయాక అడిగాను, "తెలిసి ఎందుకు తిన్నవే?"

"నువ్వు నాతోని మంచిగ మాట్లాడక ఏడాదాయె. తింటెనన్న మాట్లాడుతవేమో అనుకున్న."

చెల్లె కళ్ళు మూసుకొని, "లోపల నా కంచంల అన్నం మిగిలింది. ఒడిబియ్యం నాడు పారేయొద్దు, నువ్వు తిను అక్కా," అంది.

కంచం తెచ్చుకొని దాని పక్కనే కూర్చున్నాను. చిన్నప్పుడు తను మిగిల్చిందంతా నేనే ఊడ్చేదాన్ని. మూడు ముద్దలు తిన్నాను. నాలుగోది ఎంతకీ గొంతు దిగలేదు.