నాలుగు బిందెల గుంట

బళ్లో నేను చదివింది ఐదో తరగతి వరకే. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. కళ్లముందు ఏదున్నా లెక్కపెట్టందే ఊరుకోలేను.

తొంభైల చివర్లో ఒక వేసవి. జగ్గయ్యపేటలో బయలుదేరిన యాత్ర బస్సును అన్నయ్య, వదిన, నేను నందిగామలో ఎక్కాం. సింహాచలం దర్శనం అయ్యాక విశాఖలో సముద్రం దగ్గర ఆపారు. పోటు తగ్గి, బండల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచాయి. ఒక గుంట దగ్గర కూర్చుండిపోయాను. నాలుగు బిందెల నీళ్లుంటాయేమో. నత్తలు ఇరవై మూడు, గోరంత పీతలు ఆరు. రాయికి అతుక్కుని పువ్వుల్లా విచ్చుకున్న జీవులు ఐదు. వేలు తగిలితే అత్తిపత్తిలా ముడుచుకుని, నేను నూట నలభై లెక్కపెట్టేసరికి మళ్లీ విచ్చుకునేవి.

పులిహోర తిని వచ్చేసరికి వదిన ఆ గుంటలోనే సబ్బు పొడి చల్లి పళ్లేలు తోముతోంది.

“వదినా! అందులో ప్రాణాలున్నాయి!”

“నిలవ నీళ్లేగా అమ్మాయ్. ఊరి దగ్గర మునేటి మడుగులో మనం తోమట్లా?”

“పోటొచ్చేదాకా వాటికి ఇవే నీళ్లు!”

“దేవుడి దగ్గరికొచ్చి పీతల్ని లెక్కపెట్టేదాన్ని నిన్నే చూశా.”

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఒక్కరికీ తప్పనిపించలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఐదు పువ్వులూ ముడుచుకుపోయాయి. మూడొందలు లెక్కపెట్టినా విచ్చుకోలేదు. వంట సామానులోంచి బిందె తెచ్చాను. రెండు బిందెలు తోడేసి రెండు బిందెల సముద్రపు నీళ్లు పోస్తే సబ్బు సగమవుతుంది. మళ్లీ చేస్తే పావు. మూడోసారికి అరపావు. అన్నయ్య వచ్చి పది నిమిషాల్లో బస్సు కదులుతుందన్నాడు. సాయం పట్టమంటే, “నీకేమన్నా పిచ్చా?” అన్నాడు.

పావుకు తెచ్చాను. మూడోసారి రెండు బిందెలు తోడేశాను, ఇక పొయ్యాలి. అన్నయ్య నా చేతిలోంచి బిందె లాక్కున్నాడు.

“సగం ఖాళీగా ఉంది అన్నయ్యా! రెండే రెండు బిందెలు!”

“నీ గుంట కోసం నలభై మంది ఎండలో మాడాలా? నడువ్!”

పళ్లేలు తోముతున్నంతసేపూ మాడని నలభై మంది!

నీళ్లు దిగిపోయి తొమ్మిది నత్తలు పొడి రాతిమీద మిగిలిపోయాయి. వాటిని ఒక్కొక్కటే తీసి నీళ్లలో పెట్టాను. పువ్వుల్లో రెండు కూడా బయటే ఉన్నాయి. అవి రాయిని వదిలి రావు. అలల దగ్గరికి పరుగెత్తి దోసిలి నింపుకొచ్చి వాటిమీద పోశాను. బిందెడు నీళ్లకు ఎన్ని దోసిళ్లు కావాలో నాకు తెలుసు. అయినా పోస్తూనే ఉన్నాను, అన్నయ్య రెక్క పట్టుకుని లాక్కెళ్లేదాకా.