బల్ల మీద మిగిలిన చెప్పులు

మా వదినను ఊళ్ళో అందరూ కత్తెర అనేవారు. చేతిలో ఉన్నదాన్ని చూసి కాదు, నోట్లో ఉన్నదాన్ని చూసి. ఆ పేరు ఆమెకూ తెలుసు. కత్తెరే లేకపోతే మీలో ఒక్కరికీ ఒంటి మీద బట్ట నిలిచేది కాదు అని ఎదురు అనేది తప్ప, ఏనాడూ నొచ్చుకోలేదు. మొన్న చలికాలంలో రొమ్ము పట్టేసి, మంచాన పడ్డ కొద్ది రోజులకే పోయింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి, ఈతకు వచ్చేవాళ్ళ కోసం మడుగు గేటు తీశారు. ఆమెను తలుచుకోవడానికి ఇదే సరైన కాలం.

వదిన నా భర్తకు అక్క. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి మిషను తొక్కి పెంచింది. వీధి వైపు గదిలో కిటికీ పక్కనే ఆ మిషను ఉండేది. పంట్లాలు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, కర్టెన్లు, సోఫా గలేబులు, ఏది తెచ్చినా కాదనేది కాదు. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకునే మాట్లాడేది. మాటలు కూడా వాటి మధ్య నుంచే వచ్చేవి కాబట్టి గుచ్చుకోవడం సహజమే. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కొలతలకు సరిపోయినవాడు దొరకలేదని చెప్పేది.

మా ఆయనది కిటికీలకు అద్దాలు బిగించే పని. వేసవిలో ఎండకూ అద్దానికీ మధ్య నిలబడి మాడిపోయేవాడు. పని కాగానే ఇంటికి కాకుండా నేరుగా మడుగుకు వెళ్ళేవాడు. అది ఊరి చివర, కొండ దిగే చోట ఉంది. ఎవరూ తవ్వింది కాదు. కొండలోంచి ఊరే నీళ్ళు, వానకు దిగే నీళ్ళు అక్కడ చేరతాయి. ఇవతలి ఒడ్డున ఇసుక, మోకాటి లోతు, పిల్లలు దిగడానికి వీలు. అవతల నల్లటి రాళ్ళు, కాళ్ళకు చుట్టుకునే తూడు. సెలవులొస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బస్సులు కట్టించుకుని వచ్చేవారు. గడ్డి మీద దుప్పట్లు, తిండి డబ్బాలు, గాలి కొట్టిన ట్యూబులు, పెదాలు నీలంగా మారినా బయటికి రామని మొండికేసే పిల్లలు. చూడముచ్చటగా ఉండేది. నేను నీళ్ళలో దిగేదాన్ని కాదు, ఒడ్డున కూర్చుని తువ్వాళ్ళకు కాపలా కాసేదాన్ని.

అక్కడ ఒక పద్ధతి ఉంది. ఇసుక మొదలయ్యే చోట పొడుగాటి చెక్కబల్ల. నీళ్ళలో దిగే ప్రతివాళ్ళూ చెప్పులు దాని మీద, ముందుభాగం నీళ్ళవైపు ఉండేలా పెట్టాలి. బయటికి వచ్చాకే తీసుకోవాలి. సాయంత్రం గేటు వేసే ముందు కాపలాదారు బల్ల చూస్తాడు. జత మిగిలిందంటే మనిషి నీళ్ళలో ఉన్నాడని లెక్క. ఆయన పడవ వేసుకుని మడుగంతా తిరిగి కేకలు వేయాలి. ఎవరైనా మరిచిపోయి ఒట్టి కాళ్ళతో ఇంటికి వెళ్తే, మరునాడు అవే చెప్పులతో సన్మానం చేస్తామని బెదిరించేవారు. ఆ బల్ల వల్ల ఎందరు బతికారో పెద్దవాళ్ళు కథలుగా చెప్పేవారు.

వదిన ఏటా వేసవి ముందు తమ్ముడికి కొత్త చెప్పులు తయారు చేసేది. టైరు అడుగులు బజారులో కోయించి, పడవ మీద కప్పే గుడ్డలో మిగిలిన ముక్కలతో పట్టీలు కుట్టేది. దారం నారింజ రంగుది వాడేది. అంత గుంపులోనూ నీవి నీకు కనబడాలిరా, ఎవరి చెప్పుల్లోనో కాళ్ళు పెట్టి రాకు అనేది.

కాపలాదారును అందరూ గేటాయన అనేవారు. నున్నగా దువ్విన జుట్టు, మెడలో ఈల, ఎవరు పలకరించినా నవ్వు. నన్ను చెల్లెమ్మా అనేవాడు, వదినను అక్కా అనేవాడు.

ఒక వేసవిలో ఓ రోజు ఎంత చీకటి పడినా మా ఆయన ఇంటికి రాలేదు. వదిన గేటు దాకా వెళ్తే తాళం వేసి ఉంది. గేటాయన ఇంటికి వెళ్తే లోపల చుట్టాలతో సందడిగా ఉంది. ఆయన చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, బల్ల ఖాళీ అయ్యాకే తాళం వేశాను, వేరే చోట చూసుకోమన్నాడు. బల్ల మాట మీద మాకు అంత నమ్మకం. అందుకని పని జరుగుతున్న ఇళ్ళన్నీ వెతికాం, స్నేహితుల ఇళ్ళన్నీ వెతికాం. మడుగు ఒక్కటే వెతకలేదు.

తెల్లారాక అవతలి రాళ్ళ దగ్గర దొరికాడు. కాలికి తూడు చుట్టుకుని ఉంది. వదిన ఏడవలేదు. తమ్ముడి అరచేతులు తిప్పి చూసింది. తోలు లేచిపోయి ఉంది, గోళ్ళు విరిగి ఉన్నాయి.

"పట్టుకునే ఉన్నాడే వీడు," అంది నాతో. "చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. పడవ వస్తుందని."

ఆ మాట ఆమె మళ్ళీ అనలేదు. నేను మరవలేదు.

పోయినవాణ్ణి ఊరు ఊరికే వదలలేదు. బల్ల ఖాళీగా ఉందంటే చెప్పులు పెట్టలేదనేగా అర్థం. అవతలి ఒడ్డు నుంచి దొంగతనంగా దిగాడన్నారు, తాగి దిగాడన్నారు. నీళ్ళ పంపు దగ్గర నా బిందె నిండేలోపు ఈ మాటలు ఎన్ని రకాలుగా వినాలో అన్ని రకాలుగా విన్నాను. గేటాయన పరామర్శకు వచ్చి, కుర్చీ చివర కూర్చుని, "ఒక్క జత చెప్పులు బల్ల మీద ఉండి ఉంటే ప్రాణాలొడ్డి తెచ్చేవాణ్ణి చెల్లెమ్మా. ఏం చేస్తాం, రూలు పాటించలేదు" అన్నాడు. వదిన ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడి చూసింది.

వేసవి ముగిశాక పడవ మీద కప్పే గుడ్డ చిరిగిందని, మడుగు బాగోగులు చూసే సంఘంవాళ్ళు వదినను పిలిచారు. పడవ కొట్టంలో కూర్చుని కుడుతూ, అతుకుకు ముక్క దొరుకుతుందేమోనని మూల ఉన్న పాత పెట్టె తెరిచింది. పేలిపోయిన ట్యూబులు పడేసే పెట్టె అది, ఎవరూ ముట్టుకోరు. అడుగున నారింజ దారం కనబడింది.

ఆమె వాటిని తీయలేదు. ట్యూబులు ఎలా ఉన్నవి అలా సర్ది, మూత వేసి, మిగతా అతుకు కుట్టి ఇంటికి వచ్చింది. నాకు మాత్రమే చెప్పింది. నేను వెంటనే సంఘం పెద్దాయన దగ్గరికి పరుగెత్తబోయాను. రెక్క పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇప్పుడు చెబితే ఏ కుక్కో లాక్కొచ్చి పడేసిందంటాడు. గొయ్యి వాడే తవ్వుకున్నాడు. మనం పైన ఆకులు కప్పి ఊరుకోవడమే."

ఆ చలికాలమంతా నేను లోపల ఉడికిపోయాను. ఆమె మాత్రం చల్లగా ఉంది. దారిలో గేటాయన కనబడితే ఆగి కుశలం అడిగేది. కొత్త వేసవికి ఆయనకు సంఘం ఇచ్చే చొక్కా కూడా తనే కుట్టింది. ఆయన మా గదిలో చేతులు చాచి నిలబడితే టేపు భుజం నుంచి భుజానికి పట్టింది. ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేక, ఆ చేతులతో వీడికి చొక్కా ఎలా కుడతావు వదినా అని అడిగాను.

"కుట్టేముందు కొలత తెలియాలి కదే," అంది పెదవుల మధ్య సూదులు కదలకుండా.

మరుసటి వేసవి మడుగు గేటు తీసిన రోజు మేమిద్దరం వెళ్ళాం. సంచిలో మా ఆయన పాత జత ఉంది, అంతకు ముందు ఏడాది కుట్టింది. అదే గుడ్డ, అదే నారింజ దారం. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. జనం దిగుతున్న హడావిడిలో వదిన వాటిని బల్ల మధ్యలో, ముందుభాగం నీళ్ళవైపు ఉండేలా పెట్టింది. కొట్టంలో పడవ గుడ్డ ఒకసారి చూసి పొమ్మని సంఘం పెద్దాయనను సాయంత్రం దాకా ఆపింది. ఆయన భార్య కూడా ఉండిపోయింది. కత్తెర పిలిచిందంటే ఊరికే పిలవదని ఆమెకు అనుమానం.

ఈలలు మోగాయి. పిల్లలు ఏడుస్తూ బయటికి వచ్చారు. ఒక్కొక్క జతా బల్ల మీద నుంచి మాయమైంది. చివరికి ఒకటే మిగిలింది.

గేటాయన కొత్త చొక్కాలో నవ్వుకుంటూ వచ్చాడు. బల్ల చూశాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది కానీ దాని వెనక మనిషి లేడు. ఎవరివి అని అడగలేదు. పడవ వైపు వెళ్ళలేదు. గడ్డి మీద దుప్పటి మడత పెడుతున్న మమ్మల్ని గమనించకుండానే నేరుగా కొట్టంలోకి నడిచాడు.

వదిన పెద్దాయనకు సైగ చేసింది. అందరం వెనకాలే వెళ్ళాం. గేటాయన పెట్టెలో నడుము దాకా వంగి ఉన్నాడు. చిరిగిన ట్యూబులు ఒక్కొక్కటీ వెనక్కి విసురుతున్నాడు. ఒకటి పెద్దాయన కాళ్ళ మీద పడింది. లేచి నిలబడేసరికి చేతిలో మా ఆయన చెప్పులు ఉన్నాయి. అవి అక్కడే ఉన్నందుకు మొహంలో ఊరట కూడా ఉంది. ఆ ఊరటతోనే మావైపు తిరిగాడు.

"మా తమ్ముడి చెప్పులు అందులో ఉన్నాయని నీకెవరు చెప్పారు?" అంది వదిన.

ఆయన కిందికి చూశాడు, బయట బల్ల వైపు చూశాడు, కూలబడ్డాడు. ఇంట్లో బావమరిది వాళ్ళు వచ్చి కూర్చున్నారట. ఎవరో మరిచిపోయి పోయారులే అనుకున్నాడట. బల్ల మీద జత ఉండగా గేటు వేస్తే ఉద్యోగం పోతుందని పెట్టెలో పడేశాడట. పొద్దున్నే తీసి బల్ల మీద పెడదామనుకున్నాడట. శవం దొరికాక ఇక వాటిని బయటికి తీసే ధైర్యం చాలలేదట. అంతా నేల వైపు చూస్తూ చెప్పాడు. పెద్దాయన భార్య మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడాదిగా పంపు దగ్గర మా ఆయన తాగుడు గురించి ఎక్కువ చెప్పింది ఆవిడే.

పెద్దాయన వెంటనే గేటు తాళాలు ఇమ్మన్నాడు, పోలీసులకు కబురు పెడతానన్నాడు. వదిన అడ్డుపడింది.

"వద్దు. జైల్లో వేస్తే వీడికి నీళ్ళు కనబడవు. ఇక్కడే ఉండనివ్వండి. మా తమ్ముడి చెప్పులు రోజూ బల్ల మీద ఉంటాయి. రూలు ప్రకారం రోజూ సాయంత్రం పడవ వెయ్యాలి. అవతలి రాళ్ళ దాకా వెళ్ళాలి. పేరు పెట్టి పిలవాలి. ఏ ఒక్క రోజు మానినా ఆ రోజే కేసు."

గేటాయన ఏడుస్తూ ఆమె కాళ్ళ వైపు వంగాడు. ఆమె రెండడుగులు వెనక్కి వేసి, చొక్కా మాసిపోతుంది లే అంది.

అప్పటి నుంచి అదే జరిగింది. మధ్యాహ్నం మిషను ఆపి, వదిన చెప్పులు తీసుకుని నడిచి వెళ్ళేది. సాయంత్రం బస్సు ఎక్కబోతున్న కొత్తవాళ్ళు పడవలోంచి వినిపించే కేక విని ఆగిపోయేవారు. ఎవరిని పిలుస్తున్నాడని అడిగేవారు. ఊరివాళ్ళు చెప్పేవారు, చిన్నగా ఏం కాదు, గేటాయనకు వినబడేలా. మా ఆయన ఎలాంటివాడో, బల్ల మీద చెప్పులు ఎలా పెట్టాడో, వాటిని ఎవరు దాచారో, రోజుకొకరికి కొత్తగా చెప్పేవారు. నేను ఏనాడూ పేరు పెట్టి పిలవని మనిషిని గేటాయన గొంతు పోయేలా పిలిచేవాడు. కొండ ఆ పేరును తిప్పి ఇచ్చేది. వదిన బల్ల పక్కన కూర్చుని, జాకెట్టుకు గుండీలు కుట్టుకుంటూ వినేది. కేక సన్నబడితే తలెత్తి, వినబడలేదు అనేది.

జాలి లేదా అని ఆమెను కొందరు అడిగారు. ఉంది, రాళ్ళ దగ్గర పెట్టి వచ్చాను, వెళ్ళి తెచ్చుకోమని చెప్పింది.

ఆమె పోయినప్పుడు గేటాయన కూడా వచ్చాడు. దువ్వడానికి జుట్టు పెద్దగా మిగల్లేదు. గుమ్మం బయటే నిలబడి వెళ్ళిపోయాడు. ఇక తీరిందనుకున్నాడేమో.

ఈ ఏడు గేటు తీసిన రోజు మధ్యాహ్నం పొయ్యి ఆర్పి, గిన్నెలు కడిగి, వదిన మిషను మీద గుడ్డ కప్పాను. చెప్పులు తీసుకున్నాను. పట్టీ ఒకచోట ఊడితే నారింజ దారంతో నేనే కుట్టాను. వదిన కుట్టంత సన్నగా రాలేదు. బల్ల మధ్యలో, ముందుభాగం నీళ్ళవైపు పెట్టి, ఆమె కూర్చునే చోటే కూర్చున్నాను.

జనం వెళ్ళిపోయాక గేటాయన వచ్చి బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. నేను నోరు లేనిదాన్నని ఊరంతా అనుకుంటుంది, ఆయనా అలాగే అనుకున్నట్టున్నాడు.

"అక్క పోయిందిగా చెల్లెమ్మా," అన్నాడు. "ఇంకెన్నాళ్ళు?"

"ఆయన వచ్చి తొడుక్కునేదాకా, అన్నయ్యగారూ," అన్నాను.

ఆయన పడవ తాడు విప్పాడు.