సిట్ డౌన్

పోలీసు చర్య తర్వాత ఊళ్లో మా దొరల గడి పోయింది. పట్నం వచ్చి మారేడ్‌పల్లిలో అద్దెకు దిగాం. ఊళ్లు విడిచి వచ్చినవాళ్లకు వసారాలో బల్లలు వేసి ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టాను.

మొదటి రోజే మా ఊరి రైతు మల్లయ్య వచ్చాడు. మర్నాడు దవాఖానాలో నౌకరీ కోసం ఇంగ్లీషులోనే మాట్లాడే సాబును కలవాలట. ఇంట్లో పిల్లలు పస్తులున్నారు.

"సిట్ డౌన్" అన్నాను. అందరూ కూర్చున్నారు. మల్లయ్య నిలబడే ఉన్నాడు.

"అర్థం కాలేదా?"

"అయింది దొర్సానీ. కూసోమన్నవు. నీ ముంగట బల్ల మీద ఎట్ల కూసుంట?"

పక్కనున్న ఖాసిం నవ్వాడు. "రేపు సాబ్ ముంగట సుత గిట్లనే నిలబడు! ఇంగ్లీషు రాదని ఎల్లగొడ్తడు."

మల్లయ్య ముఖం పాలిపోయింది. నేను గద్దించాను. గద్దించినకొద్దీ మరింత వంగి నిలబడ్డాడు. అందరూ నన్నే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్లయింది. చివరికి కుర్చీలోంచి లేచాను.

"కూర్చోండి, మల్లయ్యగారూ."

మా గడిలో రైతును ఎవరూ 'అండి' అనలేదు. మల్లయ్య బెదిరిపోయి బల్లమీద కూలబడ్డాడు.

మర్నాడు సాయంత్రం పరుగున వచ్చాడు. "సాబ్ కూసోమన్నడు, కూసున్న! నౌకరీ దొరికింది దొర్సానీ" అన్నాడు, నిలబడే.

తర్వాత ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను. 'కూర్చోండి, మల్లయ్యగారూ' అన్న ఆ రెండు మాటలు తెచ్చినంత అలసట మరే పాఠమూ తేలేదు.