స్వామి తూర్పుముఖం, చర్చి గుమ్మం పడమర

మొన్న ఆదివారం ఐసెలిన్‌లోని ఇండియన్ కొట్లో కూరగాయలు కొనుక్కుని తిరిగొస్తూ, ఒకప్పుడు మన గుడిగా ఉన్న ఎర్ర ఇటుకల పాత చర్చి ముందు కారు ఆపాను. ఎవరో కొని అపార్ట్‌మెంట్లు చేశారు. మొనతేలిన ఆర్చీలు, సూదిలాంటి శిఖరం అలాగే ఉన్నాయి. నా కోపమూ అలాగే ఉంది.

రెండువేల మూడు ప్రాంతంలో, విక్టోరియా రాణి కాలపు పద్ధతిలో కట్టిన ఆ చర్చిని మనవాళ్లంతా కలిసి గుడి కోసం కొన్నాక గాని అసలు చిక్కు తెలియలేదు: చర్చి గుమ్మం పడమర, స్వామి చూడవలసింది తూర్పుకి, కాబట్టి ఆ పెద్ద గుమ్మం మూసేసి దాని ముందే స్వామిని నిలబెట్టాలి, జనం తూర్పునుంచి రావాలి, అక్కడేమో గోడనిండా రంగుటద్దాల కిటికీ. ఊళ్లో అందరి గుండెలూ చూసే డాక్టరు మా బావమరిది, కమిటీ పెద్ద హోదాలో, కిటికీ పగలగొట్టి గుమ్మం పెట్టిద్దామన్నాడు. జీవితమంతా వంతెనలు కట్టిన నేను, ఆ పనితనం మళ్లీ ఎవరి తరమూ కాదు, వంటింటి పక్క తలుపు వాడుకుందామన్నాను.

"బావగారూ, మీరు రిటైరయ్యారు కదా, ఇక్కడ కూడా కాస్త రెస్ట్ తీసుకోండి" అన్నాడు, పులిహోర ప్లేటు పట్టుకుని. అందరూ నవ్వారు, వాడి అక్కగారైన మా ఆవిడతో సహా. నలుగురిలో అన్నమాట నలుగురిలోనే వెనక్కి తీసుకునేదాకా వదలకూడదనుకున్నాను.

టౌను ఆఫీసులో పాత కట్టడాల సంగతి చూసేవాళ్లకి ఫిర్యాదు చేశాను. వాళ్లొచ్చి, కిటికీ మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదన్నారు. ఇక ఏళ్ల తరబడి పట్టుచీరలన్నీ సాంబారు గంగాళాల మధ్యనుంచి ఒదిగి ఒదిగి దర్శనానికి వచ్చేవి. "అంతా అంకుల్ పుణ్యం" అని కుర్రవాళ్లు నాకు వినపడేలా అనేవారు. అయితే మొదటి అభిషేకం నాడు, పొద్దెక్కుతుండగా ఆ కిటికీలోంచి వెలుగు పడి, స్వామి మీద పోస్తున్న పాలు నీలంగా మారితే, పూజారిగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు. ఆ అద్దాల్ని కాపాడాలని తాము ముందే నిర్ణయించుకున్నామని అతిథులకి చెబుతున్నాడు మా బావమరిది. నేను వాడి వెనకే నిలబడి ఉన్నాను.

ఇప్పటి కొత్త గుడికి తూర్పున ఏనుగు పట్టేంత గుమ్మం, లోపల ఏ వేళ చూసినా ఒకటే తెల్ల లైటు. పోయిన నెల అక్కడ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నప్పుడు, ఆ కిటికీ విషయంలో మీరే రైటు బావగారూ అన్నాడు, మెల్లగా. గట్టిగా అనమని చెప్పబోయి చుట్టూ చూశాను. ఆనాడు నవ్వినవాళ్లలో కొందరు వేరే రాష్ట్రాల్లో పిల్లల దగ్గరికి చేరారు, కొందరు అసలే లేరు, హాల్లో ఉన్నవాళ్లకి ఏ కిటికీయో కూడా తెలియదు. మా ఆవిడ ఒక్కతి ఉన్నా సరిపోయేది.