గంప దిగిన కోడి

నా చిన్నప్పుడు మచ్చ బొల్లారంలోని మా ఇంట్లో కోళ్లకున్నంత స్వేచ్ఛ పిల్లలకు ఉండేది కాదు. తొంభైలలో మా కాలనీ అప్పుడప్పుడే ఇళ్లతో నిండుతోంది. ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లు, వాటిలో తుమ్మచెట్లు, వాటి నీడలో మా కోళ్లు. నాయిన సైకిల్ మీద సూరారం ఫ్యాక్టరీకి పోయి వచ్చేవాడు. అమ్మకు ఇంటిపని. కోళ్లు మాత్రం పూర్తిగా మా అవ్వ రాజ్యం. అవ్వ పొద్దున లేచి ముందు మోకాళ్లూని ప్రార్థన చేసుకునేది, ఆ తర్వాత కోళ్లగూడు తలుపు తీసేది. ఈ రెండు పనుల మధ్య ఎవరు పిలిచినా పలికేది కాదు. అవ్వకు అక్షరాలు రావు. కానీ మా చర్చి సంఘంలో ఏళ్ల తరబడి విన్న బైబిలు వాక్యం ఆమెకు నోటికి వచ్చు.

ఆ కోళ్లలో ఒక ఎర్రపెట్ట అంటే నాకు ప్రాణం. ఆ వానాకాలం అది పొదుగుకు వచ్చింది. అవ్వ వెనక వరండా మూలన గంపలో గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, దాన్ని కూర్చోబెట్టింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి కూడా దించకుండా నేను దాని ముందు గొంతుక్కూర్చునేదాన్ని. అది ఈకలు ఉబ్బించి, గుర్రుగా చూసి, చెయ్యి చాపితే పొడిచేది. ఆ పొడవడం కూడా నాకు ముద్దుగానే ఉండేది.

పిల్లలు బయటికి రావడానికి ఇంకా వారం ఉందనగా ఒక శుక్రవారం పొద్దున ఎర్రపెట్ట గంప దిగిపోయింది. గోడవారగా ఈకలు రేగి, తల వాల్చి నిలబడింది. అమ్మ ఎత్తి గంపలో పెట్టింది. అది కీచుమని అరిచి దూకేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ దూకింది. గుడ్లు చల్లబడిపోతున్నాయి.

ఆ రోజే మా ఇంట్లో కూటం. మా సంఘంలో ప్రతి శుక్రవారం ఒకరింట్లో ప్రార్థన జరిగేది. పాటలు, వాక్యం అయ్యాక పాస్టరుగారికి ఆ ఇంట్లోనే భోజనం. భోజనం అంటే కోడికూర. నాయిన పనికి పోతూ వరండాలోకి తొంగిచూసి తీర్పు చెప్పేశాడు.

"నేనొచ్చేటాళ్లకు కూసోకుంటే దాన్నే కోద్దాం. వేరే కోడిని కొనుడెందుకు?"

నాకు అన్నం సహించలేదు. ఆ రోజు బడికి సెలవు. గోడ దగ్గర మోకాళ్లూని, కళ్లు గట్టిగా మూసుకుని, దేవా నా కోడిని గంపలో కూర్చోబెట్టు అని ఏడుస్తూ అడిగాను. కళ్లు తెరిచేసరికి అవ్వ పక్కనే ఉంది. "అడిగినవు గద, మంచిగ చేసినవు. ఇగ కండ్లు తెరిచి సూద్దాం పా," అంది.

అంతలో పెద్దమ్మ వచ్చింది. ఆమె మాకు చుట్టం కాదు. సంఘంలో పిల్లలమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్లం. ఎవరింట్లో కూటమైనా వంటకు ముందుగా వచ్చేది ఆమే, ప్రార్థనకు ముందుగా లేచేదీ ఆమే. ఉపవాసాలుండి, నిజంగా కన్నీళ్లు కార్చి ప్రార్థించేది. కాకపోతే ఆమె ప్రార్థన వింటే ఎవరింట్లో ఏం జరిగిందో వీధి వీధికంతా తెలిసిపోయేది. ఆ రోజుల్లో ఎదురింటి అక్క భర్త పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఆయన తాగుడు మొదలుపెట్టాడు. ఇక ప్రతి శుక్రవారం పెద్దమ్మ చేతులు పైకెత్తి, "ప్రభువా, మంగళారం నాడు కల్లు దుకాణం కాడ మురికి మోరీల పడ్డ నీ బిడ్డను లేపయ్యా" అని బిగ్గరగా వేడుకునేది. ఆ మాట వింటూ మా ఎదురింటి అక్క ఒడిలో డోలక్ పెట్టుకుని తల వంచుకుని ఉండేది. కొన్ని వారాలుగా ఆమె కూటానికి రావడం మానేసింది.

పెద్దమ్మ కోడిని చూసి పెదవి విరిచింది. "పొదుగుడు నడిమిట్ల లేసిపోయిందంటే అదేం తల్లి? గసొంటిదానికి కూర గిన్నెనే కరెక్టు. కత్తి యాడున్నదే పిల్లా?"

నేను అవ్వ కొంగు పట్టుకున్నాను. అవ్వ పెద్దమ్మతో వాదించలేదు. ఎంతో మామూలుగా, "గట్లనే కోద్దాం తియ్యి. నాకు కండ్లు సరిగ కానొస్తలేవు. జర గంపల చెయ్యి పెట్టి, గడ్డి కిందికి పోయిన గుడ్లు పైకి తియ్యి బిడ్డా," అంది.

పెద్దమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, గంప ముందు కూర్చుని, మోచేతి దాకా చెయ్యి గడ్డిలోకి దూర్చింది. గుడ్లు తడుముతూనే కూర ఎలా వండాలో చెబుతోంది. ఉన్నట్టుండి మాట ఆగింది. మొహం మారింది. ఒక్క ఉదుటున చెయ్యి లాక్కుని లేచి, "అవ్వో! ఏందే ఇవి! పాకుతున్నయే!" అంటూ వరండా అంతా గంతులేసింది. ఆమె చేతి మీద ఆవగింజలో సగం కూడా లేని పురుగులు, కొన్ని బూడిదరంగులో, కొన్ని రక్తం తాగి ఎర్రగా, వందలుగా పైకి పాకుతున్నాయి. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

"అత్తా, కోడిపేలున్నయని నీకు ముందే ఎరుకనా?" అంది పెద్దమ్మ చెయ్యి గోక్కుంటూ.

"ఉండొచ్చనుకున్న. నువ్వు చెయ్యి పెట్టి చిటికెంత సేపు కాలే, దునుకుతున్నవు. అది రాత్రీ పగలు అండ్లనే కూసున్నది. ఇన్నొద్దులు లేవకుంట ఉన్నందుకే దాన్ని మెచ్చుకోవాలె."

పెద్దమ్మ గోడవారగా నిలబడ్డ ఎర్రపెట్టను చూసింది. తర్వాత ఆమే వెళ్లి దాన్ని ఎత్తుకుంది. దాని తలమీది ఎర్రజుట్టు పాలిపోయి ఉంది. రెక్క ఎత్తితే కింద ఈకల మొదళ్లలో కూడా అవే పురుగులు.

ఇక అందరం పనిలో పడ్డాం. ఆ గడ్డిని ఖాళీ ప్లాటులోకి తీసుకుపోయి అవ్వ నిప్పంటించింది. గుడ్లను నీళ్లు తగలకుండా పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి నా ఒళ్లో పెట్టింది. జల్లించిన పొయ్యి బూడిదలో ఎండు వేపాకు పొడి కలిపి, పెద్దమ్మ కోడిని పట్టుకుంటే, రెక్కల కింద, మెడ చుట్టూ, తోక దగ్గర వేళ్లతో మెల్లగా పట్టించింది. కోడి కదలకుండా కళ్లు మూసుకుంది. పాత గంపను వాడనివ్వలేదు. కొత్త గంపలో ఎండుగడ్డి, వేపాకు వేసి, గుడ్లు సర్ది, కోడిని దాని దగ్గర వదిలిపెట్టింది. "ఎత్తి పెట్టకుండ్రి. అదే పోతది," అంది.

చేతులు కడుక్కుంటూ పెద్దమ్మ ఎదురింటి వైపు చూసి, "ఆ పిల్ల ఇయ్యాల గూడ రాదేమో. భక్తి సల్లారిపోయింది పాపం," అంది. అవ్వ ఆమె చేతిమీద నీళ్లు పోస్తూనే, చాలా నెమ్మదిగా, "మనం దాని గంపల చెయ్యి పెట్టి సూసినమా బిడ్డా?" అంది. చెంబులో నీళ్లు అయిపోయినా పెద్దమ్మ చేతులు అలాగే చాపి ఉంచింది.

మధ్యాహ్నం అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఎదురింటికి వెళ్లింది. ఎందుకు రావట్లేదని అడగలేదు. అక్క పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ, డోలక్ లేక పాటలు బోసిపోతున్నాయని మాత్రం అంది. అక్క తల ఎత్తకుండానే చెప్పింది. "నేనొస్తే మళ్ల ఆయన ముచ్చట తీస్తరవ్వా. మందిల నా మొకం యాడ పెట్టుకోవాలె?"

"తియ్యరు బిడ్డా," అంది అవ్వ. అంత నమ్మకంగా ఎలా చెప్పిందో నాకు అర్థం కాలేదు.

మేం తిరిగి వచ్చేసరికి ఎర్రపెట్ట కొత్త గంపలో కూర్చుని ఉంది. ఆత్రంగా చెయ్యి చాపాను. పొడిచింది. నాయిన వచ్చి చూసి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టింది.

సాయంత్రం కూటం మొదలయ్యాక మూడో పాటకు అక్క డోలక్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఎవరో జరిగి చోటిచ్చారు. పాట అయ్యాక ప్రార్థనకు ఎప్పటిలాగే పెద్దమ్మ లేచింది. నేను అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అవ్వ అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. అంటే ఆమెకూ భయంగానే ఉందన్నమాట. పెద్దమ్మ అందరి కోసం ప్రార్థించింది. చివరికి అక్క పేరు పలికింది. పలికి ఆగింది. "ప్రభువా, నీకు ఎరుకే," అంది. ఆమెన్ అని కూర్చుంది. అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, ఎవరూ అడగకముందే డోలక్ మీద దరువు మొదలుపెట్టింది.

భోజనాల దగ్గర పాస్టరుగారు పప్పులో నెయ్యి వేయించుకుంటూ, "మీ ఇంటికొచ్చిన పాస్టరు పస్తున్నా సరే, కోడి బతకాలె. గంతేనా అవ్వా?" అని నవ్వారు. అన్నీ కాకపోయినా చాలా గుడ్లు పిల్లలయ్యాయి. అక్క భర్త మాత్రం ఒక్కరోజులో మారలేదు. మారడానికి ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లన్నీ అక్క కూటాలకు వస్తూనే ఉంది.

ఇప్పుడు మా సంఘంలో స్త్రీల కూటం నడిపించేది నేనే. ఎవరైనా కొన్ని వారాలు కనబడకపోతే, భక్తి చల్లారిపోయిందనే మాట నా నోట రానివ్వను. ముందు వాళ్లింటికి వెళ్లి, చేతికి దొరికిన పని అందుకుని పక్కన కూర్చుంటాను. చాలాసార్లు వాళ్లను కుట్టింది మేమే అయి ఉంటాం, మేం మంచి చేస్తున్నామనుకుంటూనే. ప్రార్థనలో వాళ్ల వంతు వచ్చినప్పుడు పేరు మాత్రం పలుకుతాను. మిగతాదంతా విన్నవాడు పైన ఉన్నాడు. మా వీధికి వినబడనక్కర్లేదు.