ముందు సీటులో కూర్చున్న బెల్లం

సమ్మమ్మ నోట్లోంచి పొద్దున్నే వచ్చే మొదటి మాట "ఛీ". హనుమకొండలో బస్టాండు వెనక సందులో ఆమె మొగుడు ఎల్లస్వామి కార్లకు కరెంటు పని చేస్తాడు, సమ్మమ్మ సీట్లు విప్పి కుడుతుంది. పెళ్లయిన నాటి నుంచీ జనం సీట్ల కింద దాచుకున్న పాపాలన్నీ ఆమె చేతుల మీదుగానే పోయాయి. పల్లీ పొట్టు, కొరికి పారేసిన బొక్కలు, పాలు విరిగి గడ్డకట్టిన సీసా, ఓసారైతే కళ్లు తెరవని ఎలుక పిల్లలు. పైన సెంటు వాసన, కింద పెంటకుప్ప. "మనిషి సంగతి తెల్వాల్నంటే మొఖం గాదు, సీటు ఎత్తి చూడాలె" అంటుంది. సందులోవాళ్లు ఆమెకు ఛీ సమ్మక్క అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరన్నా ఆమెకు అసహ్యమే.

మేడారం జాతర అయ్యాక కొన్నాళ్లకు శ్రీకాంత్ తన తెల్లకారు తెచ్చి షాపు ముందు ఆపాడు. వరంగల్ బజారులో వాళ్లది ధాన్యం కొట్టు. ఏడో నెల కడుపుతో ఉన్న భార్య సౌమ్య కూడా దిగింది.

"ముందు సీట్ల ఎవరూ లేకున్నా బెల్టు పెట్టుకోమని ఒకటే కూత ఎల్లన్నా. ఎయిర్‌బ్యాగు లైటు గూడ పోతలేదు. తలకాయ పగిలిపోతాంది" అన్నాడు శ్రీకాంత్.

ఎల్లస్వామి మిషను పెట్టి చూశాడు. లోపం ముందు సీటు సెన్సారుదని చూపించింది. మనిషి కూర్చుంటే బరువు పసిగట్టి కారుకు కబురు చెప్పే పల్చటి చాప అది, మెత్త లోపల ఉంటుంది. ఆ కబురును బట్టే, కారు దేనికైనా గుద్దుకుంటే ఆ పక్క ఎయిర్‌బ్యాగు విచ్చుకోవాలా వద్దా అన్నది తేలుతుంది. సీటు కింది సాకెట్ ఊడదీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. కూత ఆగలేదు. వైర్లకు మీటరు పెట్టి సౌమ్యను కూర్చోమన్నాడు, లేవమన్నాడు. కూర్చున్నా లేచినా మీటరులో అంకె కదల్లేదు.

"చాపే ఖరాబైంది. జర సీటు విప్పు" అన్నాడు పెళ్లాంతో.

సమ్మమ్మ కుట్లు విప్పి గుడ్డ లాగింది. కల్లు పులిసినట్టు గుప్పున వాసన కొట్టింది. చాప మీద నల్లటి పాకం, పాకం నిండా చీమలు, చచ్చినవి కొన్ని, చావనివి వేలు. అవి ఆమె మోచేతుల దాకా పాకాయి.

"ఛీ! థూ! ఏం పోసిండ్లు బిడ్డా ఈ సీట్ల?"

సౌమ్య సిగ్గుపడుతూ చెప్పింది. కాన్పు మంచిగా కావాలని అత్త కళావతి మొక్కుకుంది, కోడలి బరువుకు సరితూగే బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లమే. డిక్కీలో కోళ్లున్నాయి, తల్లుల బంగారాన్ని కోళ్ల పక్కన పెట్టకూడదని ఆవిడ పట్టు. అందుకని బెల్లం ముందు సీటెక్కింది, సౌమ్య సంచుల నడుమ వెనక ఇరుక్కుంది. బరువుకు కారు కూత పెడితే శ్రీకాంత్ బెల్లానికి బెల్టు కూడా కట్టాడు. వాగులో స్నానాలు చేసి తడిచీరలన్నీ దానిమీదే కుప్పేశారు. కారు ఎండలో నిలబడిన ఆ పూటంతా బెల్లం కరిగి కిందికి దిగుతూనే ఉంది.

సమ్మమ్మ ఆ మురికి చేతులే జోడించింది. "తల్లీ, నీ బంగారాన్ని ఛీ అంటలేను, నీ భక్తులను అంటున్న."

కొత్త చాప హైదరాబాద్ నుంచి రావాలి, నాలుగైదు రోజులు పడుతుందన్నాడు ఎల్లస్వామి. శ్రీకాంత్ మొహం చిట్లించాడు.

"గన్ని రోజులా? వైరు కోసి నడుమ చిన్న రెసిస్టరు ముక్క అతికిస్తే కూత బందయితదట గద. బజార్ల శానమంది గట్లనే చేపిచ్చుకుంటాండ్లు."

"అయితది సేటు. కని ఎవరు కూసున్నా ఆ సీటు ఖాళీ అనే అనుకుంటది కారు. ఎయిర్‌బ్యాగు తెరుసుకోదు."

"ఏం కాదన్నా. నేను మెల్లగనే నడుపుత."

సమ్మమ్మకు చీమల్ని చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదు. చీమలది ఆకలి, వాటిని తిట్టి లాభమేంటి? ఎదురుగా నిగనిగలాడే చొక్కా వేసుకుని నిలబడ్డవాణ్ణి మాత్రం తిట్టకుండా ఉండలేకపోయింది.

"బెల్లానికేమో బెల్టు కట్టినవ్. కడుపుతోని ఉన్న పెండ్లాం కూసుంటే ఖాళీ సీటంటవా? థూ!"

"నీకెందుకే, ఊకో" అని ఎల్లస్వామి గదిమి, తల గోక్కుంటూ ముక్క అతికించాడు. కస్టమరు ఏమన్నా సరే అనడం అతని జబ్బు. సమ్మమ్మ సూది అవతల పడేసి, ఈ సీటు తాను కుట్టనంది. పాత కవరు తొడిగి అతనే మూసేశాడు. కూత ఆగింది, లైటు ఆరింది.

శ్రీకాంత్ స్టీరింగు ముందు కూర్చుని, "రా, పోదాం" అన్నాడు. సౌమ్య వెనక తలుపు తీసుకుని వెనక కూర్చుంది.

"ముందుకు రావేంది?"

"ముందు సీటు ఖాళీ అని కారుకు చెప్పించిండ్రు గదా. ఖాళీగనే ఉండనియ్యండి."

గుడికి పోయినా, దవాఖానకు పోయినా, వర్ధన్నపేటలో పుట్టింటికి పోయినా ఆమె వెనకే కూర్చుంది. "ఏం శ్రీకాంతూ, డ్రైవరు పని ఎప్పటిసంది?" అని బజారులో నవ్వడం మొదలైంది. భార్య ప్రాణానికి కదలనివాడు ఆ నవ్వుకు కదిలాడు. వారం తిరక్కుండా వచ్చి, "కొత్తదే తెప్పియ్యన్నా" అన్నాడు.

చాప వచ్చింది. సమ్మమ్మ పాకం గోకి, కడిగి, ఆరబెట్టి, కొత్త చాప పరిచి కుట్టింది. ఎల్లస్వామి అతికించిన ముక్క పీకి సాకెట్ కలిపాడు. సౌమ్య ముందు సీట్లో కూర్చోగానే కారు కూత పెట్టింది, బెల్టు పెట్టుకోగానే ఆగింది.

శ్రీకాంత్ పళ్లికిలించాడు. "ఇగ సంతోషమేనా సమ్మక్కా?"

సమ్మమ్మ సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది. తలెత్తలేదు.

"బెల్లం జిడ్డు కడిగితే పోయింది బిడ్డా. ఆనాడు ఏం కాదన్నవ్ సూడు, గా మాటే ఇంకా పోతలేదు."